నా చేతిరాతలోని నలభై కేసు షీట్లు

మా నాన్నగారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఉద్యోగ జీవితమంతా ఆయన్ను వదలని నమ్మకం ఒకటుండేది: ఏ కాగితం మీదైనా 'పరిశీలనలో ఉన్నది' అని రాసి ఉంటే ఆ పని అయిపోయినట్టే, ఇక మిగిలింది ఆలస్యం మాత్రమే. తొంభైల తొలి సంవత్సరాల్లో ఒక ప్రైవేటు హోమియోపతి కళాశాల పత్రికలో ప్రకటన వేసింది. దాని అడుగున చిన్న అక్షరాల్లో 'గుర్తింపు కేంద్ర మండలి పరిశీలనలో ఉన్నది' అని ఉంది. ఆ వాక్యం ఇంకే తండ్రినైనా భయపెట్టి ఉండేది. మా నాన్నగారికి అది ధైర్యాన్నిచ్చింది.

"చూశావా, దాచుకోకుండా రాశారు. అండర్ ప్రాసెస్ అంటే ఫైలు కదిలిందన్నమాట. కదిలిన ఫైలు ఎక్కడికి పోతుందమ్మా?" అన్నారు.

ఎక్కడికీ పోలేదు. రెండేళ్లు అక్కడే ఉంది. ఆ రెండేళ్లూ నేను ఆ కళాశాలలో ఉన్నాను.

చేరేనాటికి నేను ఢిల్లీలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎం.బి.బి.ఎస్. ప్రవేశపరీక్ష రెండుసార్లు రాసి సీటు తెచ్చుకోలేకపోయాను. వైద్యం చదవాలన్న పట్టుదల మాత్రం పోలేదు. డిగ్రీ కళాశాల నాకిచ్చింది ఒక్కటే, వాదించే విద్య. మా డిబేటింగ్ సొసైటీలో పోటీకి కొద్ది నిమిషాల ముందు పెట్టెలోంచి చీటీ తీసేవాళ్లం. 'అనుకూలం' వస్తే అనుకూలంగా, 'ప్రతికూలం' వస్తే ప్రతికూలంగా మాట్లాడాలి. నీ అభిప్రాయమేమిటని అడిగేవారు ఉండరు. ఒకే అంశం మీద సోమవారం ఒక పక్షాన, శుక్రవారం రెండో పక్షాన నిలబడి రెండుసార్లూ గెలిచినదాన్ని నేను. ఆ గెలుపు గురించి గర్వపడ్డాను కూడా. ఏ పక్షాన నిలబడినా నోరు తడబడకపోవడం ఒక మనిషికి మంచిదేనా అన్న ప్రశ్న అప్పటికి నాకు తట్టలేదు.

కళాశాల గ్రేటర్ నోయిడా వైపు ఉండేది. ఆనాడు ఆ ప్రాంతం నేల మీద కన్నా పటంలోనే ఎక్కువగా ఉండేది. సెక్టారు నంబర్ల బోర్డులు, వాటి వెనక ఆవచేలు. మయూర్ విహార్‌లోని మా ఫ్లాటు నుంచి రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. కళాశాలది మూడంతస్తుల కొత్త భవనం. కింది అంతస్తు మీద 'ఆసుపత్రి' అన్న బోర్డు, లోపల ఇరవై అయిదు మంచాలు. పరుపుల మీది ప్లాస్టిక్ తొడుగులను ఎవరూ తీయలేదు, తీయవలసిన అవసరమూ రాలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఒంట్లో బాగుండకపోతే పక్క పట్నం దాద్రీలోని ఆసుపత్రికి బస్సెక్కేవారు. పది నుంచి పన్నెండు దాకా మా ప్రిన్సిపాల్‌గారే ఔట్‌పేషంట్ గదిలో కూర్చునేవారు. వాచ్‌మన్ దగ్గు, క్యాంటీను వంటమనిషి మోకాళ్లు తప్ప ఆయనకు వేరే వైద్యం తగల్లేదు.

ఆయన మంచి గురువు. ఈ మాట దాచితే మిగతాదంతా అబద్ధమవుతుంది. మందులను ఆయన మనుషుల్లా పరిచయం చేసేవారు. ఆర్సెనిక్ అంటే కాలు నిలవని మనిషి, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతాడు, చావంటే భయం. పల్సటిల్లా మెత్తని మనసుగల స్త్రీ, చెబుతూ చెబుతూ ఏడుస్తుంది, దాహం వేయదు, కిటికీ తెరవమంటుంది. లైకోపోడియం మనిషికి సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా కడుపు ఉబ్బరం. మేం డెబ్బై మందిమి ఆ మనుషుల్ని కంఠతా పట్టాం. మంచం మీద పడుకున్న ఒక్క మనిషిని మాత్రం చూడలేదు.

రెండో సంవత్సరం పరీక్షలకు ఫీజు కట్టబోతే విశ్వవిద్యాలయం ఫారాలు తీసుకోలేదు. అప్పుడు గానీ మా పరిస్థితి మాకు అర్థం కాలేదు. మా కళాశాలకు రాష్ట్ర ప్రభుత్వం నిరభ్యంతర పత్రం ఇచ్చింది. దాన్ని చూసి విశ్వవిద్యాలయం తాత్కాలిక అనుబంధం ఇచ్చింది. దాన్ని చూపి యాజమాన్యం మమ్మల్ని చేర్చుకుంది. హోమియోపతి విద్యకు గుర్తింపునిచ్చే కేంద్ర మండలి మాత్రం ఒకసారి వచ్చి చూసి, 'ఆసుపత్రి నడవడం లేదు' అని రాసి గుర్తింపు నిరాకరించింది. యాజమాన్యం హైకోర్టులో రిట్ వేసింది. మండలి కక్షగట్టిందనీ, రోగులు పుష్కలంగా వస్తున్నారనీ, విద్యార్థుల భవిష్యత్తు నాశనమవుతోందనీ అందులో వాదన. మళ్లీ తనిఖీ చేయమని, ఏడాది కాలపు రోగుల రికార్డులను తనిఖీ బృందం ముందు పెట్టమని కోర్టు ఆదేశించింది.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారు మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టారు. బల్ల మీద ఖాళీ కేసు షీట్ల కట్టలు.

"రికార్డులు పూర్తి చేయాలి బేటా. తలా నలభై. ఇది కూడా చదువే అనుకోండి. పరీక్షకు పనికొస్తుంది," అన్నారు. కళ్లద్దాలు తుడుస్తూ మా వైపు చూడకుండా అన్నారు.

ఒక్కరూ ప్రశ్న వేయలేదు. ప్రశ్నలకే పుట్టానని పేరున్న నేను కూడా వేయలేదు. 'అనుకూలం' చీటీ వచ్చింది, అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం లక్ష్మీ నగర్‌లో నా స్నేహితురాలి గదిలో కూర్చుని రాశాం. ఆమెది వరంగల్. పేయింగ్ గెస్టుగా ఉండేది. ఇంట్లో ఆమెను ఇంత దూరం పంపడానికి పెద్ద యుద్ధమే జరిగింది. ఈ చదువు మధ్యలో ఆగితే రెండోసారి పంపేవారెవరూ లేరు.

"ఏయ్, నా పేషెంటుకు ఇంకో భయం కావాలె. చీకటి రాసిన, దొంగలు రాసిన."

"ఆర్సెనిక్ కదా, చావు భయం రాయి."

"అది పదిమందికి రాసిన. మన దవాఖానకొచ్చినోళ్లందరు సచ్చుడుకే భయపడుతున్నరు. ఎవ్వలకన్న నమ్మకం కుదురుతదా?"

పగలబడి నవ్వుకున్నాం. ఇంటావిడ తలుపు తోసుకుని వచ్చి, "క్యా లిఖ్ రహీ హో?" అంటూ ఏం రాస్తున్నామో అడిగింది. చదువు అని చెప్పాం.

"అచ్ఛా, డాక్టరీ! అయితే నా మోకాలు కూడా రాసుకోండి బేటా. ఎడమది. మెట్లు దిగుతుంటే పట్టేస్తోంది, చన్నీళ్లు తగిలితే మాత్రం హాయిగా ఉంటుంది."

"తరవాత ఆంటీ, ఇప్పుడు బిజీ," అన్నాను నేను. పుస్తకంలో వెతుక్కుంటూ తలెత్తకుండా అన్నాను. రెండేళ్ల చదువులో నా గుమ్మంలోకి వచ్చిన మొదటి రోగిని అలా పంపించేశాను. ఆ సంగతి నాకు తోచడానికి ఇంకా పదిరోజులు పట్టింది.

నా నలభై షీట్లూ బాగా కుదిరాయని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గానీ, అప్పుడు సంతోషించాను. శకర్‌పూర్‌లో బట్టల కొట్టు నడిపే ఒక నడివయసు మనిషిని సృష్టించాను. లైకోపోడియం. తీపి ఇష్టం, వేడి తిండి ఇష్టం, కుడివైపు బాధ, కొత్త పని మొదలుపెట్టాలంటే బెదురు, సరిగ్గా నాలుగింటికి మొదలయ్యే కడుపు ఉబ్బరం. మా తరగతిలో నాలుగైదుగురు ఆ షీటును నమూనాగా తీసుకున్నారు.

తనిఖీకి ఇద్దరు వచ్చారు. ఒకాయన రిజిస్టర్లు, గదుల కొలతలు చూసుకున్నారు. రెండో ఆయన తెల్లజుట్టు పెద్ద డాక్టరు. ఆసుపత్రిలో కళాశాలవాళ్లు ఏర్పాటు చేసినవేవీ చూడకుండా హాల్లో మా ముందే కూర్చుని కేసు షీట్లు తీసి చదవడం మొదలుపెట్టారు. ఒక పావుగంట గడిచాక ఆయన భుజాలు కదలసాగాయి. నవ్వుతున్నారు.

"ప్రిన్సిపాల్ సాబ్, మీ రోగులు చాలా గొప్పవాళ్లు. ఇంత క్రమశిక్షణ నేను ప్రాక్టీసు మొత్తంలో చూడలేదు. పుస్తకంలో ఏముందో అదే చెప్పారు, ఒక్కముక్క ఎక్కువ చెప్పలేదు. నా దగ్గరికి వచ్చేవాడు కడుపునొప్పి అని మొదలుపెట్టి కోడలి సంగతి చెబుతాడు, పక్కింటి కుక్క సంగతి చెబుతాడు, లేచి పోతూ గుమ్మం దగ్గర చెవిలో చీము అంటాడు. ఇక్కడ ఒక్కడికీ చెవి లేదు. ఒక్కరూ రెండోసారి వచ్చి, మీ మందు పనిచేయలేదండీ అని తిట్టలేదు."

ప్రిన్సిపాల్‌గారు నేల చూపులు చూస్తున్నారు. పెద్ద డాక్టరు ఒక షీటు పైకెత్తారు.

"ఈ బట్టల కొట్టాయనకు సరిగ్గా నాలుగింటికి గ్యాసు మొదలై ఎనిమిదింటికి ఆగిపోతుందట. కడుపులో గడియారం మింగాడా? ఎవరిదీ చేతిరాత?"

నేను లేచి నిలబడ్డాను. "నాదే సార్."

"బాగుంది. ఎలా ఉన్నాడిప్పుడు?"

'నయమైంది సార్' అంటే సరిపోతుంది. ఆ రెండు మాటలూ నా నాలుక మీదే ఉన్నాయి. చెప్పడం నాకు కష్టం కాదు, అదే నా విద్య. కానీ ఆ క్షణాన నా ముందున్నది చీటీ తీయమనే పెట్టె కాదు. ఒక మనిషి నన్ను ఒక విషయం అడుగుతున్నాడు, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఇరవై ఏళ్ల జీవితంలో ఈ రెండింటికీ తేడా ఉందని నాకు మొదటిసారి తెలిసింది.

"లేడు సార్."

"చనిపోయాడా?"

"పుట్టలేదు సార్. నేనే రాశాను. ఆ నలభై షీట్లూ నేనే రాశాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. పెద్ద డాక్టరు షీటును బల్లపై పెట్టి, "షాబాష్ బేటా. నిజాయితీ ఉంది," అన్నారు.

మెచ్చుకుని ఊరుకుంటారని తోచి నాకు ఒళ్లు మండింది.

"సార్, నేను ఒకటి అడగవచ్చా? మీ మండలి మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఆసుపత్రి ఇలాగే ఉంది. గుర్తింపు లేదని రాసుకుని వెళ్లిపోయారు. ఆ తరవాతి నెల్లోనే మా జూనియర్లు చేరారు. ఈ కాలేజీలో చేరవద్దని మీరు ఏ పేపర్లో వేయించారు? మా ఇళ్లల్లో ఎవరికి చెప్పారు?"

ఆయన చిరునవ్వు మాయమైంది. "అది మా పని కాదు బేటా. అడ్మిషన్లు విశ్వవిద్యాలయం చూస్తుంది," అన్నారు.

"విశ్వవిద్యాలయాన్ని అడిగితే మండలి చూస్తుందన్నారు సార్," అన్నాను. ఆయన షీట్లు సర్దుకుని లేచారు.

ఆ రోజు తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. నించున్నవాళ్లు కూడా అందులో కూర్చోలేదు. "అరే యార్, మేడం డిబేట్ గెలిచింది. మనం మాత్రం ఏడాది ఓడిపోయాం," అని వెనకనుంచి ఒకడు అన్నాడు. చప్పట్లు కొట్టారు. నోయిడా మోడ్ స్టాపు దాకా వరంగల్ అమ్మాయి ముందు సీట్లోనే కూర్చుంది. దిగేముందు నా దగ్గరికి వచ్చింది.

"నిన్నెవరడిగిన్రే? చేతిరాత ఎవరిదన్నడు. నాదే అన్నవు. ఆడికి అయిపాయె."

"ఎలా ఉన్నాడని అడిగాడు కదా."

"మంచిగున్నడు అనాలె! లేని మనిషి మంచిగుంటే నీ సొమ్మేం పోయింది? ఉన్న డెబ్బై మందిమి మేమెట్ల బతకాలె?"

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి తగిన జవాబు వెతుక్కోవడానికే ఆ తరవాతి నెల మొత్తం గడిచింది.

తనిఖీ నివేదిక కోర్టుకు చేరింది. నేను చెప్పింది అందులో ఒక పేరాగా ఉంది. కళాశాల నుంచి కబురొచ్చింది, వాళ్ల వకీలు ఛాంబరుకు రమ్మని. వెళ్లేసరికి ప్రిన్సిపాల్‌గారు కూడా అక్కడే ఉన్నారు. వకీలుగారు టైపు చేసిన అఫిడవిట్ నా ముందుకు జరిపారు. నా పేరుతో, నేనే చెబుతున్నట్టుగా రాసి ఉంది: తనిఖీ రోజున పరీక్షల ఆందోళనలో నా మానసిక స్థితి సరిగా లేదు. ప్రశ్న అర్థం కాక పొరపాటున మాట్లాడాను. నా చేతిరాతలోని నలభై కేసులూ నేను స్వయంగా చూసిన రోగులవే. తరగతిలో అరవైమందికి పైగా ఇలాంటివే సంతకం చేసి ఇచ్చారట. నా స్నేహితురాలి సంతకం ఆ కట్టలో పైనే ఉంది.

"సంతకం పెట్టు బేటీ. నీ కాగితం ఒక్కటి వస్తే ఆ నివేదిక నిలవదు. గుర్తింపు వస్తుంది, వచ్చే నెల పరీక్ష రాస్తావు," అన్నారు వకీలుగారు. "లేకపోతే నువ్వు తప్పుడు రికార్డు రాశానని నీ నోటితో ఒప్పుకున్నదానివి. యాజమాన్యం నీ పేరు కొట్టేస్తే అడిగే దిక్కుండదు."

అప్పటిదాకా విషయం అంత స్పష్టంగా ఎవరూ నాకు చెప్పలేదు. సంతకం పెడితే డిగ్రీ. పెట్టకపోతే రెండేళ్ల చదువూ పోయి, తప్పుడు రికార్డులు రాసిన అమ్మాయి అన్న ముద్ర.

"నేను చూడలేదు సార్ ఆ రోగుల్ని."

ఆయన నవ్వారు. "అరే, చక్కెర గోళీల చదువు ఇది. రోగి ఉంటేనేం, లేకపోతేనేం?"

"గోళీలు పనిచేస్తాయా లేదా అన్నది వేరే కేసు సార్, అది ఎవరైనా వేసుకోవచ్చు. ఇంకో మూడేళ్లకు నా ఎదురుగా ఒకరు కూర్చుని గుండెల్లో నొప్పి అంటారు. అది నేను చూడదగ్గ నొప్పో, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపవలసిన నొప్పో నాకు తెలియాలి. అది తెలియాలంటే ముందు వందలమందిని చూసి ఉండాలి. నేను చూసింది వాచ్‌మన్ దగ్గు ఒక్కటే."

"డిబేట్ చేస్తున్నావా?"

"లేదు సార్. డిబేట్‌లో చీటీ నేనే తీస్తాను. ఇక్కడ మీరు తీసిపెట్టారు."

ప్రిన్సిపాల్‌గారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "అబద్ధం రాయమని నేను చెప్పానా బేటా?" అన్నారు మెల్లగా.

"రికార్డులు పూర్తి చేయమన్నారు సార్."

ఆయన తల దించుకుని, "ఈ వయసులో నాకు ఇంకెవరు ఉద్యోగమిస్తారు," అన్నారు. అది నాతో కాదు, ఎవరితోనూ కాదు. ఆయన మీద నాకున్న గౌరవంలో సగం ఆ గదిలో పోయింది. మిగిలిన సగం ఇప్పటికీ ఉంది, అదే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. అఫిడవిట్‌ను వకీలుగారి వైపు తిరిగి జరిపి లేచి వచ్చేశాను.

ఊరికే సంతకం పెట్టకపోతే చాలదని తిరుగు బస్సులో నిశ్చయించుకున్నాను. వాళ్లు నా పేరుతో మాట్లాడబోయారంటే, నా పేరుతో నేనే మాట్లాడాలి. స్నేహితురాలు వేసిన ప్రశ్నకు కూడా అదే దారి. డెబ్బై మంది భవిష్యత్తు అంటూ కళాశాల మమ్మల్ని ముందు నిలబెట్టి తాను వెనక దాక్కుంది. కళాశాలకు గుర్తింపు రాకపోయినా డెబ్బై మందికి చదువు దక్కే మార్గాన్ని ఎవరూ అడగడం లేదు. గుర్తింపు ఉన్న కళాశాలల్లోకి మమ్మల్ని మార్చమని అడగవచ్చు కదా? డిబేటింగ్ సొసైటీలో మాకు వాదన నేర్పడానికి వచ్చే పాత సీనియరొకామె అప్పటికి హైకోర్టులో జూనియరు వకీలు. ఫోను చేస్తే, "నువ్వు చెప్పదలచుకున్నది రాసి తీసుకురా. దరఖాస్తు నేను వేస్తాను," అంది.

రాశాను. పదకొండు పేజీలు. ఆదివారం ఉదయం టిఫిను అయ్యాక నాన్నగారి ముందు పెట్టాను.

ఆయన భయపడ్డారు, ఆ మాట దాచను. "ప్రభుత్వ మండలి మీద, ప్రభుత్వ ఉద్యోగి కూతురు కోర్టుకెక్కడం... ఆఫీసులో ఏమంటారో తెలుసా? పైగా నువ్వు చేసింది నువ్వే రాసి ఇస్తున్నావు. ఎవరైనా ఇస్తారా ఇలా?" అన్నారు. అమ్మ వంటింట్లోంచి, "చేర్పించింది మీరేగా," అంది.

నాన్నగారు మొదటి పేజీ తీశారు. అఫిడవిట్ మొదట్లో 'ఫలానావారి కుమార్తె' అని రాయాలి. నేను ఆ చోటు ఖాళీగా వదిలాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి తన పేరు, ఇంటి పేరుతో సహా పూర్తిగా, ఆఫీసు ఫైల్లో రాసే గుండ్రటి అక్షరాలతో రాశారు. ఆ తరవాత లోపలి పేజీలకు వచ్చారు.

"ఇదేమిటి? 'విద్యను అంగడి సరుకుగా మార్చిన ఈ వ్యవస్థ నిశ్శబ్దంగా చూస్తూండగా...' ఎవరు చూస్తున్నారు? ఏ తేదీన?"

"అది భావం నాన్నా."

"భావానికి పేరా నంబరు ఉండదమ్మా." కొట్టేశారు. "'మేము అడుగుతున్నాం, ఎవరిదీ బాధ్యత?' ప్రశ్నలు అఫిడవిట్‌లో పెట్టకూడదు. చూడు, మండలి మొదటి తనిఖీ తేదీ ఒక పేరా. గుర్తింపు నిరాకరించిన తేదీ ఒక పేరా. మీ జూనియర్లు చేరిన తేదీ ఒక పేరా. ఒకదాని కింద ఒకటి పెట్టు. ప్రశ్న జడ్జిగారే అడుగుతారు."

నేను వాదించాను. పదకొండు పేజీల్లోని ప్రతి అలంకారం కోసం వాదించాను. గంటన్నర తరవాత మూడు పేజీలు మిగిలాయి. అందులో రెండో పేజీ మొదటి వాక్యం: 'నా చేతిరాతలోని నలభై కేసు షీట్లలో పేర్కొన్న రోగులెవరినీ నేను చూడలేదు, అవి నేను పుస్తకం చూసి రాసినవి.' దాన్ని ఆయన ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

విచారణ రోజున కళాశాల వకీలు దాదాపు అరగంట మాట్లాడారు. ప్రతి రెండు వాక్యాలకు ఒకసారి 'ఈ పిల్లల భవిష్యత్తు' అంటూ చేయి మా వైపు తిప్పేవారు. మా తరగతివాళ్లు ఒక పక్క నిలబడి ఉన్నారు. నేను, కళాశాల అఫిడవిట్‌కు ఒప్పుకోక బదిలీ మనవి మీద మాత్రం నాతో సంతకం చేసిన మరో ఇద్దరు ఇంకో పక్క. నా సీనియరు లేచి, ఈ పిల్లల్లో కొందరికి వేరే మనవి ఉందంటూ మా దరఖాస్తు అందించింది. జడ్జిగారు మూడు పేజీలూ చదివారు. తల ఎత్తి కళాశాల వైపు చూడలేదు, మండలి తరఫు వకీలు వైపు చూశారు.

"మీరు గుర్తింపు నిరాకరించిన తరవాత కూడా ఇక్కడ కొత్త విద్యార్థులు చేరారని ఈ అమ్మాయి రాసింది. మీరు ఆ నిరాకరణను ఎక్కడైనా ప్రచురించారా?"

ఆ వకీలు ఫైలు తిరగేశారు. మండలిని అడిగి, సూచనలు తీసుకుని చెబుతానన్నారు. జడ్జిగారు అదే ప్రశ్న విశ్వవిద్యాలయం వకీలునూ అడిగారు. ఆయనా సూచనలు తీసుకుంటానన్నారు. కోర్టు హాల్లో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మేం రెండేళ్లుగా విన్న జవాబే అది, ఈసారి నల్ల గౌను వేసుకుని వచ్చింది.

కళాశాలకు గుర్తింపు రాలేదు. కొత్త ప్రవేశాలు ఆపమని ఉత్తర్వు వచ్చింది. ఇష్టమైన విద్యార్థులను గుర్తింపు పొందిన కళాశాలల్లోని ఖాళీ సీట్లలోకి మార్చమనీ, వాళ్లు రెండో సంవత్సరం మళ్లీ మొదటి నుంచి చదవాలనీ కోర్టు చెప్పింది. తప్పుడు రికార్డుల గురించి విశ్వవిద్యాలయం విడిగా విచారణ జరిపింది. అందులో రాతపూర్వకంగా మందలింపు పొందింది నేనొక్కదాన్నే. మిగిలినవాళ్లెవరూ రాశామని ఒప్పుకోలేదు కాబట్టి వాళ్లను మందలించడానికి ఆధారం లేకపోయింది. ఈ న్యాయం నాకు అర్థమైంది. అంగీకరించలేదు. మందలింపు అందుకున్నట్టు సంతకం చేసి, పక్కనే 'నిరసనతో' అని కూడా రాసి ఇచ్చాను.

బదిలీ దరఖాస్తులకు విశ్వవిద్యాలయంలో ఒకే కిటికీ పెట్టారు. దాదాపు మా తరగతి మొత్తం వరసలో ఉంది. నన్ను చూసి తల తిప్పుకున్నవాళ్లే ఎక్కువ. నాకు రెండు అడుగుల ముందు వరంగల్ అమ్మాయి. మాట్లాడుకుని నాలుగు నెలలైంది. ఆమె తన ఫారం ఇచ్చేసి వెనక్కి తిరిగి, నా చేతిలోని కాగితాన్ని చూసింది. 'గత కళాశాల విడిచిపెట్టడానికి కారణం' అన్న గడి ఇంకా ఖాళీగా ఉంది.

"వ్యక్తిగత కారణాలు అని రాయి. అందరం అదే రాసినం. కొత్త కాలేజోళ్లు చూస్తరు, ఉత్తగ ఎందుకే లొల్లి," అంది. కోపంగా అనలేదు. అది నా మంచి కోరి చెప్పిన మాటే, నాకు తెలుసు. నా వల్ల ఆమెకు ఒక ఏడాది పోయింది. అది కూడా తెలుసు. నేను ఆమెను క్షమాపణ అడగలేదు, ఆమె నన్ను మెచ్చుకోలేదు.

"వ్యక్తిగతం కాదు కదా," అన్నాను.

ఆమె చిన్నగా నిట్టూర్చి, "నీ ఇష్టం. తొందరగ రాయి, వెనక మంది ఉన్నరు," అంటూ తన పెన్ను నాకిచ్చింది.

'ఆసుపత్రి నడవని కళాశాలకు అనుమతి ఉన్నట్టు చూపి చేర్చుకున్నారు. లేని రోగులకు కేసులు రాయించారు. నేనూ రాశాను. సంతకంతో అది నిజమని చెప్పమంటే చెప్పలేదు,' అని రాశాను. కిటికీలోని గుమాస్తా ఫారం తీసుకుని చూసి ముఖం చిట్లించాడు.

"మేడం, ఇక్కడ ఒక్క లైనుకే జాగా ఉంది. ఇదంతా గడి దాటిపోయింది."

"వెనకవైపు ఖాళీగా ఉంది కదా భయ్యా. ఇటివ్వండి, మిగతాది అక్కడ రాస్తాను," అన్నాను.